నాలుగు తరాలు పట్టే కార్డు

గుడియాత్తం చౌడప్ప మగ్గం మీద లుంగీలు నేస్తాడు. తన వంశంలో నాలుగు తరాల వాళ్ళు నేసిన గళ్ళ నమూనాలన్నీ ట్యాబ్‌లో దాచాలనుకున్నాడు. వేలూరు అంగడాయన ముప్ఫై రెండు జీబీ మెమరీ కార్డు చాలన్నాడు. చౌడప్పకు తల కొట్టేసినట్లయింది.

"మా వంశం నీకంత చులకనగా కనిపిస్తా ఉండాదా అప్పా? ఉండేదాంట్లో పెద్దది తీయి!"

ఐదు వందల పన్నెండు జీబీ కార్డు కొని ఇంటికి తెచ్చాడు. కోడలు వినోదిని మూడు రోజులు కూర్చుని ప్రతి గుడ్డముక్కకూ ఫోటో తీసి అందులోకి ఎక్కించింది. తీరా చూస్తే, కార్డు ఎంత నిండిందో చూపించే గీత గోరంత కూడా కదల్లేదు.

"తిరగేసి వెనకపక్క కూడా తీయమ్మా!" అని కసిరాడు చౌడప్ప.

వెనకపక్క కూడా తీసింది. గీత అక్కడే ఉంది.

నలభై ఏళ్ళుగా ఆ మగ్గానికి నూలు కండెలు చుడుతున్న భార్య పుష్పవతి రాట్నం ఆపింది.

"అంత చోటు ఉండాది గదా. నూలు చుట్టిన ఆడోళ్ళ ఫోటోలు కూడా ఎక్కించరాదా? మీ అమ్మది, నాది?"

చౌడప్ప ట్యాబ్ అట్ట మూసి చంకలో పెట్టుకున్నాడు.

"చోటు చాలదు," అన్నాడు.