సాక్ష్యానికి లేవని మనిషి

రేపల్లె ఆసుపత్రి గుమ్మంలో రెండు బళ్ళు ఆగి ఉన్నాయి. ఒకటి తెనాలి పెద్దాసుపత్రికి పంపాలని డాక్టరు ప్రియ పిలిపించిన అంబులెన్సు. రెండోది ఫ్లోరెన్సమ్మ అడవులదీవి నుంచి మాట్లాడుకొచ్చిన ఆటో. అది బాపట్ల అవతల కామెర్లకు పసరు పోసే ఆయన దగ్గరికి. ఈ రెంటికీ మధ్య స్ట్రెచర్ మీద ఏడో నెల కడుపుతో కోడలు జెన్నిఫర్. పచ్చబడ్డ కళ్ళు తెరవలేక, పలకరిస్తే సగం మాట అని ఊరుకుంటోంది. కొడుకు జాన్ బాబు తల్లి మొహం వంకే చూస్తున్నాడు. ఆ ఇంట్లో ఆమె ఎంతంటే అంత.

"ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కరు మామ్మగారూ," అంది ప్రియ.

"పసరుతో బాగైనవాళ్ళు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు డాక్టరమ్మా. నా చెవులతో విన్నా. పుష్పలత మొగుడు, కిరీటి మాస్టారు..."

"వాళ్ళకి పసరు లేకపోయినా తగ్గేదండి. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి వేరు. మందు తాగినవాళ్ళనీ తాగనివాళ్ళనీ, బతికినవాళ్ళనీ పోయినవాళ్ళనీ, ఎవర్నీ వదలకుండా పోల్చి చూస్తేనే అది బయటపడింది. మీ సాక్ష్యాల్లో కడుపుతో ఉన్న మనిషి ఒక్కరున్నారా?"

"ఎందుకు లేరు," అంటూ ఫ్లోరెన్సమ్మ నోరు తెరిచింది. ఎవరి పెళ్ళిలో ఏ కూర అడుగంటిందో కూడా మరిచిపోని మనిషి. చర్చిలో వరసలన్నీ మనసులో వెతుక్కుంటూ పోయింది. మగాళ్ళు, పిల్లలు, ముసలాళ్ళు. ఆడవాళ్ళ వైపు, కిటికీ పక్కన ఆగిపోయింది.

అది రిబ్కా కూర్చునే చోటు. నిండు కడుపుతో కళ్ళు పచ్చబడి ఇదే పసరుకి వెళ్ళింది. సమాధి చేసొచ్చాక దేవుడు పిలుచుకున్నాడన్నారే గానీ, పసరు మాట ఎవరూ ఎత్తలేదు. ఫ్లోరెన్సమ్మా ఎత్తలేదు.

"అత్తా, పొద్దుపోతోంది. వస్తారా లేదా?" ఆటో తోలే ఆదాము లోపల్నుంచే కేకేశాడు.

"నువ్వెళ్ళు అల్లుడూ." కొడుకు వైపు తిరిగింది. "చూస్తావేంట్రా, కాళ్ళ వైపు పట్టు."

"దారంతా మాట్లాడిస్తూ ఉండండి. పలకకపోతే నర్సుకి చెప్పండి," అంది ప్రియ.

అంబులెన్సు భట్టిప్రోలు దాటాక ఫ్లోరెన్సమ్మ అడిగింది. "జెన్నీ, నా పేరేంటే?"

జవాబు లేదు. నర్సు నాడి పట్టుకుని, ఇంకా త్వరగా పొమ్మని డ్రైవరుకి చెప్పింది.

వేమూరు దగ్గర మళ్ళీ అడిగింది. పెదాలు కదిలాయి. "అత్తయ్య..."

"అత్తయ్య అందరికీ ఉంటుంది. పేరు చెప్పు, ఏమీ అనుకోనులే."

"ఫ్లోరెన్సు."

"మళ్ళీ అను," అంది ఫ్లోరెన్సమ్మ.