విశ్రాంతి వీసా

అత్తను పక్కకు తిప్పి దుప్పటి మారుస్తున్న హేమావతికి హాల్లోంచి భర్త మాట వినిపించింది.

"పనిమనిషి ఎందుకప్పా ఆడ? ఈమె ఉంది కదా!"

అతని ఎదురుగా కూర్చున్న వీసా కన్సల్టెంట్ నరేష్ నవ్వాడు. "అయితే మీకు ఖర్చు తగ్గినట్టే సార్."

వీరాస్వామి హోసూరు ఫ్యాక్టరీలో మేనేజరుగా రిటైరై ఏడాది కావస్తోంది. మిగిలిన జీవితం విదేశంలో, సముద్రం కనిపించే ఫ్లాట్లో హాయిగా గడపాలని అతని పట్టుదల. అందుకోసం కావేరిపట్టణంలోని మామిడితోట కూడా అమ్మేశాడు. నరేష్ వచ్చినప్పుడల్లా కొట్లో చీరలు పరిచినట్టు దేశాలు పరిచేవాడు. పోర్చుగల్ చలి అమ్మకు పడదన్నాడు వీరాస్వామి. థాయ్‌లాండ్‌లో భార్య వరకైతే సులువు, తల్లిని చేర్చడం కష్టమన్నాడు నరేష్. మలేషియాలో అయితే తల్లినీ డిపెండెంటుగా చేర్చుకోవచ్చట. అలా పెనాంగ్ ఖాయమైంది. హేమావతి అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఒకసారి ఆమే నోరు తెరిచి, "ఆడ నాకు మాట్లాడేదానికి ఎవరుంటారండీ?" అంది. "అమ్మ ఉంది కదా" అన్నాడతను, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అమ్మ అంటే మారక్క. ఎనభై దాటిన మనిషి. ఎనిమిదేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. అప్పటినుంచి మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంలోకి, మళ్ళీ మంచం మీదికి ఆమెను ఎత్తేది హేమావతే. ఆ మొదటి ఏళ్ళలోనే ఒకరోజు అలా ఎత్తుతుంటే పొత్తికడుపులో ఏదో తెగి కిందికి జారినట్టయింది. అదేమిటో ఏ డాక్టరూ చెప్పనక్కర్లేకపోయింది. అత్తకు ఒళ్ళు కడిగే ప్రతిసారీ ఆమె కాళ్ళ మధ్య గర్భసంచి జారి కనిపించేది. ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడు తనకూ అదే. మెత్తటి పాతచీర చింపి, మడతపెట్టి, గట్టిగా కట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. మొగుడితో ఒకసారి చెప్పబోయింది కూడా. "కింద బరువుగా ఉంటాందండీ" అంటే, "గ్యాస్ అయ్యుంటాది, సోంపు నీళ్ళు తాగు" అన్నాడు. అతని పక్కన పడుకోవడమే నరకమైపోయాక పరుపు తెచ్చి అత్త గదిలో వేసుకుంది. బంధువులు వస్తే అతను గర్వంగా చెప్పేవాడు: "మా హేమకు మా అమ్మంటే ప్రాణం. రాత్రిపూట కూడా ఇడిసిపెట్టదు."

ఈ ఇంట్లో అయితే, మరీ చేతకానప్పుడు గోడ దగ్గర నిలబడి కేక వేస్తే పక్కింటి సుధామణి వచ్చి కాళ్ళ వైపు పట్టేది. పెనాంగ్‌లో ఎవరిని పిలవాలి? ఏ భాషలో పిలవాలి? నరేష్ ఇచ్చిన ఫ్లాటు ఫోటోలో సముద్రం వైపు తెరుచుకునే బాల్కనీ చూసినప్పుడల్లా హేమావతి మొహం తిప్పుకునేది. అత్త పోవాలని ఆమె ఎన్నడూ కోరుకోలేదు. విమానం ఎక్కేలోపు తానే పోతే బాగుండునని మాత్రం, బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తూ, చాలాసార్లు కోరుకుంది.

వీసాకు ఆరోగ్య పరీక్షలు చేయించాలంటే హోసూరులోనే ఒక క్లినిక్‌కు వెళ్ళారు. మూత్రం పట్టి ఇవ్వమన్నారు. హేమావతి లోపలికి వెళ్ళి ఎంతకీ బయటికి రాలేదు. జారినదాన్ని చేత్తో లోపలికి నెట్టుకుంటే తప్ప ఆమెకు మూత్రం రాదు. ఆ రోజు ఎంత నెట్టినా రాలేదు. ముఖమంతా చెమటలతో బయటికొచ్చిన మనిషిని చూసి అక్కడి డాక్టర్ నేత్ర తెర లాగి, బల్ల మీద పడుకోమంది. చూసి, మెల్లగా అడిగింది.

"ఇట్లా ఎన్నేండ్లుగా ఉందమ్మా?"

హేమావతి బోరున ఏడ్చింది. సిగ్గుతో కాదు. ఇన్నేళ్ళలో తనను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఆపరేషన్ చేయాల. ఆలస్యం చేస్తే కిడ్నీలకు ఎసరొస్తాది. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో నేనే చేస్తాను, వచ్చి చేరండి. ఆ తర్వాత మూడు నెలలు బరువు ఎత్తకూడదు" అంది డాక్టర్. బయటికొచ్చి వీరాస్వామికీ అదే చెప్పింది. అతని నోటివెంట వచ్చిన మొదటి మాట: "అయితే ఫైల్ ఆగిపోతాదా మేడమ్?"

కారులో కూర్చోగానే నరేష్‌కు ఫోన్ కలిపాడు. నరేష్ గొంతు కారంతా వినిపించింది. "ఈ సంగతి ఎక్కడా చెప్పొద్దు సార్. పాత జబ్బంటే ఇన్సూరెన్స్ వాళ్ళు పేచీ పెడతారు. ఆడికి పోయినాక నిదానంగా చూసుకోవచ్చు."

ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగాడు వీరాస్వామి. "ఇన్నేండ్లు ఓర్చుకున్నావు హేమా. ఇంకో ఏడాది ఓర్చుకోలేవా?"

కోపంగా అన్నా బాగుండేది. మెత్తగా, ఆమె ఓర్పును మెచ్చుకుంటున్నట్టు అన్నాడు. హేమావతి కిటికీ అద్దానికి తల ఆనించింది. ఇంకో ఏడాది. ఆ తర్వాత ఇంకొకటి. ఈ మనిషి చెడ్డవాడు కూడా కాదు. తనకు ఒక ఒళ్ళుందనే సంగతే అతనికి తట్టలేదు.

సాయంత్రం అత్తకు జావ తాగించి మూతి తుడుస్తుంటే, మారక్క పనిచేసే ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. ఇంటికొచ్చాక కొడుకు హాల్లో మళ్ళీ నరేష్‌తో ఫోన్లో అరుస్తూ మాట్లాడినదంతా ఆమె వింది.

"నాకు జారినప్పుడు మీ మామతో చెప్పినాను" అంది ముసలామె, మాట మాటకీ ఆగుతూ. "ముందు గొర్రెలు తోలుకొని పో అన్న్యాడు. పోయినాను. ఆ పొద్దునించి ఇట్లే మోస్తా ఉండాను. నువ్వు ఆసుపత్రికి పో."

"నీకు ఎవరు చేస్తారత్తా?"

"నేను కన్నోడు ఉండాడు కదా."

మర్నాడు పొద్దున హేమావతి స్నానం చేసి, రెండు చీరలు సంచిలో పెట్టుకుని, భర్తను అత్త గదిలోకి పిలిచింది. "అత్తను కుర్చీలో కూర్చోబెట్టల్ల. రండి, చంకల కింద చేతులు వేసి ఎత్తండి." అతను విసుక్కుంటూనే వంగాడు. ఎత్తాడు. ముఖం ఎర్రబడింది. "అబ్బ! ఇంత బరువుందేమే!" అన్నాడు, తల్లిని అటూ ఇటూ ఊగిస్తూ.

"నేను కృష్ణగిరికి పోతా ఉన్నాను. నా పేరు తీసేయమని నరేష్‌కు చెప్పండి" అంది హేమావతి.

"ఏమంటాన్నావు? నువ్వు లేకుంటే నేను ఆడికి ఎట్లా పోయేది?"

అతని చేతులు ఖాళీ లేవు. ఆమె సంచి అందుకుని మెట్లు దిగింది.

బస్సు కుదుపు కుదుపుకీ ప్రాణం పోయినంత పనైంది. తిరిగొస్తే తలుపు తీస్తాడో లేదో తెలియదు. అత్తను తడిపక్క మీదే వదిలేస్తాడేమో తెలియదు. షూలగిరి దగ్గర ఒక్క క్షణం దిగిపోదామనుకుంది, దిగి ఎదురు బస్సెక్కి ఇంటికి పోదామనుకుంది. కండక్టర్ విజిల్ ఊదాడు, బస్సు కదిలింది. ఆమె లేవలేదు.

ఆసుపత్రిలో నర్సు మంచం చూపించి, "తోడు ఎవరమ్మా?" అంది. "ఎవరూ రాలేదు" అని చెప్పి హేమావతి మెల్లగా వెనక్కి వాలింది. పట్టపగలు నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"హేమా, అమ్మ బెడ్‌పాన్ యాడ పెట్టినావు?"

జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. హేమావతి కళ్ళు మూసుకుని దాన్ని మింగేసింది.

"మీ ఇల్లే కదండీ, వెతుక్కోండి" అంది.