బిందె ఎత్తొద్దన్నారు

మా ఇంట్లో నేను బిందె ముట్టుకోవడానికి వీల్లేదు. నల్లా వచ్చిందంటే చాలు, మా ఆయన సాయిలు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాడు. పొద్దంతా రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ మనిషి, ఇంటికొచ్చి మళ్ళీ నీళ్ళు మోస్తాడు. గ్యాస్ సిలిండర్ ఆయనే, బియ్యం సంచీ ఆయనే, ఆఖరికి తడిబట్టల బకెట్టూ ఆయనే. నేను చెయ్యి వేయబోతే "నువ్వద్దు, జరుగు" అంటాడు. ఆ మాట తప్ప నాతో ఆయన పెద్దగా మాట్లాడేదీ ఉండదు.

నల్లా దగ్గర లింగవ్వ ఊరుకుంటుందా! "నీకేందే గంగామణి, మహారాణివి! మా ఇంట్ల మొగోడు తాగిన గ్లాసు సుత తియ్యడు" అని అందరి ముందూ దెప్పుతుంది. ఆడవాళ్ళంతా నవ్వుతారు. నేనూ నవ్వుతాను, లోపల ఒళ్ళు మండిపోతున్నా సరే. ఈ మహారాణి ఒక్కతే పడుకుంటుందని, రాజుగారి మంచం బయట రేకుల కింద ఉంటుందని లింగవ్వకేం తెలుసు?

నాకు గర్భసంచి తీసినప్పటి నుంచీ ఇదే వరస. అప్పుడు నాకు ముప్పయ్యారేళ్ళు. తెల్లబట్ట, నడుం నొప్పి అని దూరంగా ఒక ప్రైవేటు దవాఖానకు పోయాం. ముందు మందులిచ్చి చూద్దామన్న ఆలోచనే లేదు వాళ్ళకి. "తీసెయ్యకుంటే క్యాన్సర్ అయితది" అన్నారు. ఆ మాట వింటే ఎవరికి గుండె నిలుస్తుంది? తియ్యమన్నాం, తీశారు. ఏమేం తీశారో కూడా నాకు చెప్పలేదు. నాలుగో రోజు, మందుల మగతలో ఉన్న నన్ను ఆయన ఆటోలో పడుకోబెట్టి మా బాన్సువాడ తీసుకొచ్చాడు. ఆ సాయంత్రమే తన మంచం బయట వేసుకున్నాడు.

పుండు మానేదాకా కాబోలు అనుకున్నాను. పుండు మానింది. మంచం మాత్రం లోపలికి రాలేదు. మా బిడ్డ భాగ్యశ్రీ పెళ్ళయి బీర్కూర్ వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. లోపల ఒకరు, బయట ఒకరు. నేను చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే బయట ఆయన దగ్గు వినపడేది. ఆ దగ్గు వినపడితే ఇంట్లో మనిషున్నట్టు, లేకపోతే లేనట్టు.

ఇంకొకత్తెను తగులుకున్నాడేమో అనుకున్నాను. పట్టుకుని నాలుగు తిడదామని ఒకరోజు మధ్యాహ్నం మిల్లు వెనక్కి పోయాను. బస్తాల మీద ఒక్కడే కూర్చుని నేను కట్టిన రొట్టె తింటున్నాడు. తిట్టడానికి మనిషే దొరకలేదు. నిజం చెప్తున్నా, ఎవత్తైనా ఉండుంటే బాగుండేది, దాని జుట్టు పట్టుకునేదాన్ని. ఎవరూ లేకుండానే నేను వద్దయ్యానంటే, లోటు నాలోనే ఉన్నట్టు కదా! సంచి తీసినంక ఆడది ఉత్త డొల్ల అని ఎవరో పెళ్ళిలో అంటుంటే విన్నాను. అదే నిజమని నమ్మాను.

ఒళ్ళు కూడా ఆ మాటే చెప్పింది. ఉన్నట్టుండి సెగలు, చెమటలు. కింద పొడిబారి మంట. ఒంటికి పోయినా మంటే. ఈ ఏడాది అది ముదిరి బీడీల ముందు కూర్చోలేకపోయాను. కూర్చోకపోతే పూట గడవదు. ఆయనకు చెప్పకుండా సర్కారు దవాఖానకు పోయాను.

అక్కడ సిరీష అని డాక్టరమ్మ. కాలువ కింద సాగు కోసం వచ్చి స్థిరపడ్డ ఆంధ్రోళ్ళ క్యాంపులో పుట్టిన పిల్ల, నా బిడ్డ కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. కర్టెన్ లాగి, దగ్గరగా కూర్చుని అడిగింది.

"మీరూ మీ ఆయనా కలుస్తున్నారా అమ్మా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గీ వయసుల గదేం ముచ్చట మేడం? గా దుకాణం ఎప్పుడో బందయింది!"

ఆ పిల్ల నవ్వలేదు. "ఎందుకు బందయింది?" అంది.

అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. కన్నతల్లి అడగలేదు, తోడబుట్టినవాళ్ళు అడగలేదు. చెప్పాను, అన్నీ చెప్పాను.

స్కానింగ్ చేయించి, రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయేమో చూసి, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని అడిగి, అప్పుడు చెప్పింది. "అండాశయాలు కూడా తీసేశారమ్మా. ఆడవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోను ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ సెగలు అందుకే, ఈ మంటా అందుకే. మీ తప్పేం కాదు, మందుంది. ఈ క్రీము లోపల రాసుకోండి. కొన్ని వారాలకు మంట తగ్గుతుంది. తర్వాత కలిసినా నొప్పి ఉండదు. అప్పటికీ ఇబ్బందనిపిస్తే జెల్ ఇస్తాను."

"కలుస్తే కుట్లు ఊడిపోవా?"

"ఏ కుట్లమ్మా? అవెప్పుడో మానిపోయాయి. ఆపరేషన్ తర్వాత ఓ ఆరేడు వారాలు దూరంగా ఉండమంటాం, అంతే. మీకు చెప్పలేదా?"

"నాకెవరు చెప్పలే."

"మీ ఆయనకు చెప్పుంటారు. అడగండి."

ఇంటికొచ్చేసరికి నల్లా వచ్చే వేళయింది. ఆయన బిందె కడుగుతున్నాడు. వాకిట్లో ఎదురుగా నిలబడి అడిగేశాను.

"నన్ను దవాఖానకెల్లి ఇంటికి తోలిచ్చిననాడు అక్కడి నర్సు నీకేం జెప్పింది?"

ఆయన తల ఎత్తలేదు. "బరువు ఎత్తనియ్యద్దన్నది."

"ఇంకా?"

బిందె తోముతూనే చెప్పాడు. "దగ్గరికి పోవద్దన్నది. లోపటి కుట్లు ఊడితే పానం పోతదన్నది."

"ఎన్ని దినాలు పోవద్దన్నది?"

"గది చెప్పలే."

"నువ్వడుగలేదా?"

"ఎట్లడుగుత గంగా? మంది నిలవడ్డరు అక్కడ. గసుంటిది అడిగితే ఏమనుకుంటరు?"

"మరి మంచమెందుకు బయటేసినవ్? లోపల పండితే కూడా కుట్లు ఊడుతయన్నదా?"

ఆయన బిందె కింద పెట్టాడు. "లోపల పండితే మనసు ఆగుతదా? నా మీద నాకే నమ్మకం లేకుండె. నావల్ల నువ్వు సచ్చిపోతవని బుగులు."

ఊళ్ళో నోరున్న ఆడదాన్నని పేరు నాకు! ఏడేళ్ళు ఈ మనిషి నన్ను చూసి అసహ్యపడుతున్నాడని నేను గోడకేసి తిరిగి ఏడ్చాను. ఏడేళ్ళు ఈ మనిషి నన్ను బతికించుకుంటున్నాననుకుని చలిలో, దోమల్లో పడుకున్నాడు. అడగాల్సిన మాట ఒక్కటే. నర్సు దగ్గర ఆయన అడగలేదు, ఆయన్ని నేను అడగలేదు. ఎవరి మీద అరవాలో తెలియక ఆయన మీదే అరిచాను.

"ఆరేడు వారాలేనట! డాక్టరమ్మ చెప్పింది. నీ సిగ్గు పాడుగాను!"

ఆయన తల ఎత్తి నా వంక చూశాడు. లెక్క వేసుకుంటున్నాడో, నమ్మలేకపోతున్నాడో తెలియలేదు. ఈ మధ్య జుట్టు ఇంత నెరిసిందని నేను చూసుకోనే లేదు. క్రీము ట్యూబు తీసి చూపించాను. "మందిచ్చింది. మంట తగ్గేదాక ఇంకొన్ని వారాలు ఆగాలె. ఆగేదేదో లోపల పండి ఆగు" అన్నాను.

మెల్లగా నా వెనకే లోపలికొచ్చాడు. ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం. ఒకప్పుడు ఆయన మంచం ఉండే చోట గోడ దాకా బీడీ ఆకు సంచులు, దొడ్డు బియ్యం బస్తాలు, భాగ్యశ్రీ పాత పెట్టె. ఆ చోటును నేనే నింపేశాను. ఆయన వస్తాడని ఎదురుచూడటం మానేసినప్పుడు ఒక్కొక్కటే అక్కడ పెట్టుకుంటూ వచ్చాను.

వంగి బియ్యం బస్తా ఒక కొస పట్టుకున్నాను. ఆయన చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది.

"నువ్వద్దు, బరువుంటది" అన్నాడు.

"తెలుసు. ఆ కొస పట్టు" అన్నాను.