తరవాణి కుండ

వీరవేణి కుండ మీది మూత తీసి, దబ్బాకులు పక్కకి నెట్టి, కొబ్బరిచిప్ప గరిటెతో తరవాణి ముంచి చద్దన్నంలో పోసుకుంది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తిని, మిగిలిన పులుపు నీళ్లు కంచం ఎత్తి తాగేసింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమెకి తెల్లారడమంటే ఇదే.

ఆ కుండ ఖాళీ కావడం ఎవరూ చూడలేదు. తాగినంత తాగి, ఆ పూట వార్చిన గంజి అందులో పోస్తారు. అది మళ్లీ పులుస్తుంది. అత్త ఇచ్చింది, ఆవిడకి వాళ్లత్త ఇచ్చిందట. కుండ బీటలిస్తే కొత్తది కొన్నారు గానీ లోపలి పులుపు మాత్రం అదే. గోదావరిలో నీళ్లు నిన్నటివి కావు, అంతమాత్రాన అది గోదావరి కాకుండా పోతుందా? అత్తా ఒకింటి కోడలే అన్నట్టు, వీరవేణి కూడా కొత్తలో ముక్కు మూసుకున్నదే. అలాంటిది ఎనభయ్యారు వరదలో ఊరంతా పెట్టెలు మోసుకెళ్తుంటే తను ఈ కుండని నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది. జనం నవ్వారు. మర్నాడు ఆకలేసి పిల్లలందరూ ఆ కుండ చుట్టూనే చేరారు.

వరదకి లొంగని కుండకి కరెంటు కుక్కరుతో కష్టం వచ్చిపడింది. కొడుకు సురేష్‌బాబు నర్సరీ లారీ మీద బెంగళూరు వెళ్లి తెచ్చాడు. అందులో అన్నం ఉడుకుతుంది గానీ గంజి రాదు. గంజి లేకపోతే కుండ చచ్చిపోతుంది. తన చేతుల్లో అది చావకూడదని వీరవేణి రోజూ గంజి కోసం పక్కింటి తలుపులమ్మ గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడుతోంది.

"ఆ కంపు పారబొయ్యండత్తా. సీసాలో బలం పొడి ఉంది, పాలల్లో కలిపిస్తాను," అంది కోడలు లోవలక్ష్మి.

"నీ పొడి నువ్వు తాగమ్మా. నేను పోయాక ఎలాగూ పారబోస్తారు," అని నవ్వి పనికి వెళ్లింది.

కడియంలో నర్సరీ పని. గొంతుక్కూర్చుని నల్లకవర్లలో మట్టి నింపడం. ఆమె నింపిన కవర్లు దేశమంతా తిరిగాయి, ఆమె రాజమండ్రి దాటలేదు. ఆ వేళ మధ్యాహ్నానికే కళ్లు తిరిగి, ఇంటికొచ్చి చాప మీద వాలింది.

"ఏంటత్తా ఇంత చెమట? పాలివ్వనా?"

"వద్దే లోవా. తరవాణి ఒక గ్లాసు."

లోవలక్ష్మి మొదటిసారి ఆ కుండలో చెయ్యి పెట్టింది. బయట రోహిణి కార్తె ఎండ. లోపల నూతినీళ్ల చల్లదనం. చిన్న చిన్న బుడగలు వాటంతటవే లేచి చిట్లుతున్నాయి. కింద పొయ్యి లేదు, కరెంటు తీగ లేదు. ఇది బతికే ఉంది అనుకుంది. గ్లాసు ముంచి అత్తకిచ్చింది.

వీరవేణి సగం తాగి, "బాగా పులిసింది," అని గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దు వాలాక లేపబోతే చెయ్యి చల్లబడి ఉంది. లోవలక్ష్మి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. వంటింటి మూల నుంచి చిటచిటమని బుడగలు చిట్లుతున్న చప్పుడు వినబడుతోంది.

ఏడిస్తే జనం వస్తారు. చావింట్లో వండినవీ నిలవున్నవీ అన్నీ పారబోస్తారు. లోవలక్ష్మి పైట నోట్లో కుక్కుకుని, కుండని చంకనెత్తుకుని, పెరటి దారిన తలుపులమ్మ ఇంటికి వెళ్లింది.

"మీ అత్త ఇమ్మందా?" అంది తలుపులమ్మ.

"అత్త పోయింది పిన్నీ. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు దీన్ని లోపల పెట్టు. ఇవాళ గంజి పొయ్యలేదు."

మైలని తలుపులమ్మకి తెలియక కాదు. అయినా రెండు చేతులా అందుకుంది.

అప్పుడు లోవలక్ష్మి ఇంటికొచ్చి గొల్లుమంది. వీధంతా వచ్చింది. పెద్దవాళ్లు వంటింట్లో దూరి పారబొయ్యాల్సినవన్నీ పారబోశారు. మూలన గడ్డితో చుట్టిన కుదురు ఒక్కటే ఉండిపోయింది, ఇంకా తడి ఆరకుండా.