వాడబడనివాడు

ఐస్ హాకీలో ‘డ్రెస్ అవడం’ అంటే బట్టలు వేసుకోవడం కాదు. ఆ రోజు ఆటకు ఎంపికై, టీమ్ జెర్సీతో బెంచీ మీద కూర్చోవడం. నాలుగేళ్లయినా ఈ సంగతి దెబోరాకు ఎక్కలేదు. కొడుకు ఎవాన్ ఫోన్ చేసి, “మమ్మీ, ఈ వీక్ కూడా నేను డ్రెస్ అవట్లేదు” అన్నప్పుడల్లా, “అంత చలిలో అదేం పిచ్చిరా, నిండుగా వేసుకో!” అని కేకలేసేది. ఆ మాటతోపాటు, తనను ఆటకు ఎంచుకోవట్లేదన్న అసలు విషయం చెప్పడం కూడా ఎవాన్ మానేశాడు. ఆదివారాలు హెర్న్‌డన్‌లోని తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆవిడ లేచి, “మావాడు ఆటలో వాడబడాలని ప్రార్థించండి” అనేది. సంఘమంతా ప్రార్థించేది. పాస్టర్‌గారు పల్పిట్ మీద సువార్తకు వాడబడాలి, దెబోరా వంటగదిలో వాడబడాలి, ఎవాన్ మంచు మీద వాడబడాలి. వాళ్ల దృష్టిలో దేవుడు చేతిలోకి తీసుకోని మనిషి మూలన పెట్టిన పనిముట్టు.

ఎవాన్ ఆ కాలేజీ టీమ్‌లో మూడో గోలీ. వల ముందు నిలబడి పక్‌ను, అంటే ఆ గట్టి రబ్బరు బిళ్లను, ఆపేవాడు గోలీ. మొదటివాడు ఆడతాడు, వాడికేమైనా అయితే రెండోవాడు దిగుతాడు. మూడోవాడు ప్రాక్టీసులో మిగతావాళ్లు గురి చూసి కొట్టుకోవడానికి పనికొస్తాడు. ఎవాన్ అలాగే పనికొచ్చాడు. పక్కటెముకల మీద నీలిమచ్చ ఒకటి మానేలోపు ఇంకొకటి లేచేది. మ్యాచ్ రోజున మాత్రం టై కట్టుకుని జనం మధ్య కూర్చునేవాడు.

ఇప్పుడు చివరి సంవత్సరం, సొంత రింక్‌లో, తమ కాలేజీ మంచు మైదానంలో, చివరి మ్యాచ్. “ఈసారి డ్రెస్ అవుతావు. మూడు గోల్స్ ముందుంటే ఆఖర్లో నిన్ను దింపుతాను. మాటిస్తున్నాను,” అన్నాడు కోచ్. ఆ మాట ఎవాన్ ఇంట్లో చెప్పాడు. అమ్మా, నాన్న దైవాశీర్వాదం, వాళ్లతోపాటు చర్చిలోని క్రిస్టీ ఆంటీ న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న ఆ కాలేజీ దాకా డ్రైవ్ చేసుకుని వచ్చేశారు. వచ్చే ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి దెబోరా పేరు ముందే ఇచ్చేసింది కూడా.

ఆ శనివారం మధ్యాహ్నానికి కాలేజీ ఇంకొక ముచ్చట కలిపింది. 1955-56 సీజన్‌లో ఆ కాలేజీ టీమ్ ఫైనల్ దాకా వెళ్లింది. దానికి డెబ్భై ఏళ్లు నిండాయి. ఆ టీమ్‌లో ఇప్పుడు బతికున్నది ఒక్కడే. పేరు వాల్టర్ ఎక్లండ్, తొంభై ఏళ్లు. ఆయన్ను మంచు మధ్యదాకా నడిపించుకు వెళ్లే పని ఎవాన్‌కు అప్పగించారు. ఇద్దరూ గోలీలే కదా అన్నారు.

లాకర్ రూమ్ పక్క గదిలో చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు ముసలాయన. ముక్కు రెండుచోట్ల వంకర. గడ్డం కింద పాత కుట్ల గీత.

“ఎన్ని మ్యాచ్‌లు ఆడావయ్యా?” అన్నాడు.

“ఇంకా ఏదీ లేదండి. ఇవాళ ఆడొచ్చు.”

ముసలాయన నవ్వాడు. “నేనూ అంతే. ఆ సీజన్ అంతా ప్రాక్టీసులో దెబ్బలు తిన్నాను, మ్యాచ్ రోజున టై కట్టుకున్నాను. అప్పట్లో మాస్కులు లేవు. పక్ వచ్చి మొహానికే తగిలేది. ఈ ముక్కు నా సొంత టీమ్‌వాళ్లు చేసిపెట్టిందే.”

“మరి ఆడింది ఎవరు?”

“డిక్ మోరన్ అనేవాడు. బెంచీ మీద రెండో గోలీ ఉండేవాడు కాదు. గోలీకి దెబ్బ తగిలితే కుట్లు వేసేదాకా ఆట ఆపేవాళ్లు. ఫైనల్లో పక్ తగిలి మోరన్ కనుబొమ్మ చీలింది. నేను స్టాండ్స్‌లోంచి కిందికి పరుగెత్తాను. కోటు విసిరేసి ప్యాడ్లు కట్టేసుకున్నాను. కోచ్ తలుపు దగ్గరికొచ్చాడు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. చూసి, డాక్టర్ వైపు తిరిగి ‘ఇంకెంతసేపు?’ అన్నాడు.”

“మరి మిమ్మల్ని దింపలేదా?” అన్నాడు ఎవాన్.

“రింకంతా కూర్చుని ఎదురుచూసింది. మోరన్ ఒక కన్ను మూసుకుపోయి వచ్చి నిలబడ్డాడు. మమ్మల్ని ఓడించిన గోల్ ఆ కన్ను వైపు నుంచే వచ్చింది. నా రెండు కళ్ల కంటే వాడి ఒక్క కన్నే మేలనుకున్నారు.” ముసలాయన కర్రతో నేల తట్టాడు. “ఒక్కటి మాత్రం నిజం. నాకెవడూ గోల్ కొట్టలేదు. ఆ ఫైనల్ గోల్‌ని మనసులో డెబ్భై ఏళ్లుగా ఆపుతూనే ఉన్నాను. సరే, నిన్నెప్పుడు దింపుతారు?”

“లీడ్ బాగా ఉంటే. లాస్ట్‌లో.”

“అంటే వల ముందు ఎవడున్నా ఒకటే అయినప్పుడన్నమాట. మా కోచ్ నన్ను జాలిపడి దింపే అవమానమైనా చెయ్యలేదయ్యా.”

మంచు మీద పరిచిన తివాచీ మీదుగా నడుస్తుంటే, మైకులో ‘ఆ మహత్తర సీజన్ గోలీ’ అన్నారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. తన చేతిలో ఉన్న ముసలి చేయి బిగుసుకోవడం, వంగిన వీపు నిటారు కావడం ఎవాన్‌కు తెలిసింది. ఆయన వాళ్లను సరిదిద్దలేదు. చెయ్యెత్తి ఊపాడు.

ఆట సులువుగా సాగింది. ఆఖరిదైన మూడో పీరియడ్ చివరికి తమవి అయిదు గోల్స్, అవతలివాళ్లది ఒకటి. కోచ్ బెంచీ కొస వైపు తిరిగి, “ఎవాన్, వెళ్లు,” అన్నాడు.

బెంచీ మొత్తం హాకీ కర్రలతో ముందున్న పొట్టి చెక్కగోడను టపటపా కొట్టడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు ఎవాన్ నిద్రలో విన్న చప్పుడదే. ఎదురుగా ప్రత్యర్థి కెప్టెన్ తన వాళ్లను దగ్గరికి పిలిచి ఏదో చెప్పాడు. వాళ్లు ఎవాన్ వైపు చూసి నవ్వారు. వెక్కిరింపు కాదు. పసిపిల్లవాడు తప్పటడుగులు వేస్తుంటే దారిచ్చే పెద్దల నవ్వు. స్టాండ్స్‌లో దెబోరా ఆరాధనలోలాగా రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. పక్కన క్రిస్టీ ఆంటీ ఫోన్ పైకి పట్టుకుంది.

ఆపితే, కొట్టినవాడు మెల్లగా కొట్టాడు కాబట్టి ఆపినట్టు. వదిలేస్తే, తనేమిటో తేలిపోయినట్టు. ఇన్నాళ్లూ తన గురించి తేలనిది అదొక్కటే. ఇన్నేళ్లూ పొద్దున్నే తనను నిద్రలేపింది ఆ తేలకపోవడమే కాబోలని ఎవాన్‌కు మొదటిసారి అనిపించింది. దిగాక అది ఉండదు. ఒక కాలు గోడ అవతలికి వేసి, మంచుకు తగలకముందే ఆగాడు. చెయ్యి తొడ మీదికి దానంతటదే వెళ్లినట్టు వెళ్లింది. మొహం నొప్పిగా ముడుచుకుంది. నాలుగేళ్లు నిజమైన నొప్పులు చూసినవాడికి అది కష్టం కాలేదు.

“గ్రోయిన్ దగ్గర తొడ పట్టేసింది, కోచ్. కుదరదు.”

“ష్యూర్?”

“ష్యూర్.”

కర్రల చప్పుడు ఒక్కసారిగా ఆగలేదు. ఒకటొకటిగా తగ్గింది. చివరి కర్ర రెండుసార్లు కొట్టి, అనుమానంగా ఆగింది.

మ్యాచ్ అయ్యాక బయటి వరండాలో ముసలాయన కారు కోసం బెంచీ మీద ఎదురుచూస్తున్నాడు. ఆయన మాత్రం అర్థం చేసుకుంటాడని ఎవాన్ కుంటుకుంటూ వెళ్లి పక్కన నిలబడ్డాడు.

“కాలికేం కాలేదు కదూ?” అన్నాడు ముసలాయన.

ఎవాన్ నవ్వబోయాడు. “మీరే చెప్పారు కదా. జాలి అని.”

ముసలాయన మొహంలో నవ్వు లేదు. “ఓరి వెర్రివాడా, నమ్మేశావా? మా కోచ్ జాలిపడి వేలు చూపించి ఉంటే పాక్కుంటూ వెళ్లేవాణ్ణి. ఒక్క నిమిషమైనా చాలు, పది గోల్స్ తిన్నా చాలు. ఆ మాటలన్నీ నన్ను నేను పడుకోబెట్టుకోవడానికి అల్లుకున్నవి. ఎవరూ పిలవనివాడికి అవి మందు. నిన్ను పిలిచారురా.”

ముందే చెబితే పోయేది కదా అని అరవాలనిపించింది ఎవాన్‌కు. అరవడానికి లేకుండా అమ్మావాళ్లు వచ్చేశారు.

“నడవగలవా నాన్నా? కారును ఈ గుమ్మం దాకా తెస్తానుండు,” అన్నాడు దైవాశీర్వాదం.

“ఏ కాలురా?” అంది దెబోరా, ఏడుపు గొంతుతో.

ఎవాన్ తడుముకున్నాడు. ఏ కాలు పట్టుకున్నాడో ఎంతకీ గుర్తురాలేదు. “రైట్ లెగ్, మమ్మీ.”

ఆవిడ అక్కడే రబ్బరు నేల మీద మోకాళ్లూని కుడితొడ మీద చెయ్యి వేసింది. క్రిస్టీ ఆంటీ దెబోరా భుజం మీద చెయ్యి వేసి, “వీడియోలో అంతా వచ్చిందిలే అక్కా, పాపం ఎంత నొప్పో,” అని కళ్లు మూసుకుంది.

“ప్రభువా, వాడబడాల్సిన గడియలో శత్రువు బిడ్డకు అడ్డుపడ్డాడు. ఈ కాలును ముట్టు తండ్రీ. బిడ్డ మనసు నీకు తెలుసు...” అని దెబోరా ప్రార్థన అందుకుంది.

భాష తెలియకపోయినా ముసలాయన మర్యాదగా టోపీ తీశాడు. తలవంచే ముందు ఆ చెయ్యి ఉన్న చోటునూ, తర్వాత ఎవాన్ మొహాన్నీ చూశాడు. పట్టుకున్నది ఎడమ కాలని అప్పుడు గుర్తొచ్చింది ఎవాన్‌కు.

“ఆమెన్,” అన్నాడు. కుడికాలు ఈడ్చుకుంటూ కారు దగ్గరికి నడిచాడు.