కెబిరుంగి తన బిడ్డను తెచ్చిన రోజు

రుబింగో కొండ మీద మా మిషన్ ఆసుపత్రిలో కంటి క్యాన్సర్ విభాగం అంటే మొదట్లో ఒక గది, బరిగ్యే డాక్టరు, నర్సుగా నేను. అంతే. డాక్టరు అంతకుముందు శుక్లాల ఆపరేషన్లు చేసేవాడు. ఒక ఏడాది వరుసగా ఐదుగురు పసిపిల్లలు కంట్లో గడ్డతో వచ్చారు. ఐదుగురూ పోయారు. అందరినీ ఆలస్యంగానే తెచ్చారు. ఆయన ఆర్నెల్లు సెలవు పెట్టి నైరోబీ వెళ్లి ఆ పని నేర్చుకుని వచ్చాడు. వచ్చాక ఆదివారం చర్చిల్లో, పాలకేంద్రాల దగ్గర, పశువుల సంతల్లో నిలబడి ఒకటే మాట చెప్పేవాడు: "పిల్ల కంట్లో పిల్లి కంట్లోలాగా తెల్లటి మెరుపు కనబడితే, ఆ రోజే నా దగ్గరికి తీసుకురండి." జనం ఆయన్ని పిల్లికళ్ల డాక్టరనేవారు.

ఆ మాట విని వచ్చినవాళ్లలో కెబిరుంగి తల్లి ఒకతె. పిల్లకప్పుడు రెండేళ్లు. ఎడమ కన్ను తీసేయక తప్పలేదు. కుడి కంట్లో రెండు చిన్న మచ్చలుంటే, లోపలికి తిరిగిన రెప్ప వెంట్రుకలకు వాడే చలికడ్డీతో డాక్టరు వాటిని గడ్డకట్టించి చంపాడు. మా దగ్గర అప్పుడున్న యంత్రం అదొక్కటే. ఆ పిల్ల బతికింది. చూపు నిలిచింది. ఏటా పరీక్షకు వచ్చి, నా వెనకాలే వార్డంతా తిరిగి, నన్ను అత్తా అని పిలవడం మొదలుపెట్టింది. నాకు అన్నదమ్ములే లేరు. అయినా అత్తనైపోయాను.

పెద్దయ్యాక కెబిరుంగి కృత్రిమ కళ్లు తయారుచేయడం నేర్చుకుంది. వార్డు పక్కనున్న పాత మందుల గదే ఇప్పుడు ఆమె కార్ఖానా. అచ్చు పోసిన కన్నును ప్రెషర్ కుక్కర్లో ఉడికిస్తుంది. కంటి తెల్లగుడ్డు మీద ఎర్ర పట్టుపోగులు అతికించి నరాలు తెస్తుంది. మా పశువుల వాళ్లకు గోధుమరంగు అంటే సరిపోదు, ఏ గోధుమరంగో చెప్పాలి. "ఈ పిల్ల కన్ను బిహోగో ఆవు రంగమ్మా, వానలో తడిసిన బిహోగో" అని తల్లి అంటే చాలు, సరిగ్గా ఆ ముదురు ఎరుపే కలిపి పెట్టేది.

నోరు మాత్రం పదును. ఆలస్యంగా వచ్చిన తల్లుల్ని వదిలేది కాదు.

"నాలుగు నెలల క్రితం చూశావా ఆ మెరుపుని? నాలుగు నెలలు ఏం చేశావు తల్లీ, అరటికాయలు లెక్కపెట్టావా?"

"మెల్లగా చెప్పవే," అనేదాన్ని నేను.

"మెల్లగా చెబితే మెల్లగానే వస్తారు అత్తా."

బరిగ్యే డాక్టరు రిటైరై ఊరికి పోయి ఆవుల్ని పెంచుకుంటున్నాడు. ఆయన చోటికి నన్కుండా అనే డాక్టరమ్మ వచ్చింది. మాటలు తక్కువ, చూపు నిదానం. లేజరు యంత్రం, పిల్లలకు క్యాన్సరు మందులెక్కించే చిన్న వార్డు, అన్నీ ఆమె వచ్చాకే అమరాయి.

కెబిరుంగికి పాలకేంద్రంలో పనిచేసే తయేబ్వాతో పెళ్లయింది. కడుపుతో ఉన్నప్పుడు నన్కుండా ఆమెను కూర్చోబెట్టి మాట్లాడబోయింది.

"నాకు చెప్పాలా డాక్టర్? రెండు కళ్లలోనూ వచ్చినవాళ్ల బిడ్డల్లో సగం మందికి వస్తుంది. నేనే కదా అందరికీ చెప్పేది," అని నవ్వింది కెబిరుంగి. "పుట్టిన వారంలోపు తెస్తాను."

ఆడపిల్ల పుట్టిందని తయేబ్వా ఫోను చేశాడు. వారం గడిచింది. పది రోజులైంది. కెబిరుంగి ఫోను ఎత్తలేదు. పదహారో రోజు పొద్దున్నే నన్కుండా నా దగ్గరికి వచ్చి, "సిస్టర్, మీరు వెళ్లి రాగలరా?" అంది. నేను అప్పటికే చెప్పులు వేసుకుని ఉన్నాను.

నేను వెళ్లేసరికి కెబిరుంగి వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. పిల్ల ఒళ్లో ఉంది. ఎండ కూడా లేదు, అయినా పిల్ల ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

ఆమె అత్తగారు నాకు రాగిజావ తెచ్చి ఇచ్చింది. "మీరైనా అడగండి వదినా. బిడ్డ కళ్లు నన్ను కూడా చూడనివ్వదు. మనవరాలి ముఖం అది పాలు తాగేటప్పుడు నేను పక్కనుంచి దొంగతనంగా చూసుకుంటున్నా," అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

నేను జావ తాగసాగాను. కెబిరుంగి నా వైపు చూడలేదు.

"తిట్టు అత్తా," అంది చివరికి. "నేను ఇంకొకళ్లనైతే ఈపాటికి తిట్టేదాన్ని."

"జావ తాగనీ ముందు."

"టార్చి మూడుసార్లు చేతిలోకి తీసుకున్నా. వెయ్యలేకపోయా." ఆమె పిల్ల ముఖం మీది గుడ్డ సర్దింది. "ఎనిమిదో నెలలో ఒక పని చేశాను. ఎవ్వరికీ చెప్పలేదు. పుట్టబోయే బిడ్డ కొలతకి ఒక కన్ను చేశాను. చిన్నది, చిక్కుడుగింజంత. రంగు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయా. ఏ రంగు వెయ్యాలి? బిడ్డని ఇంకా చూడనేలేదు కదా. అప్పుడు భయమేసింది. తీసుకెళ్లి మరుగుదొడ్లో పారేశా. నా చేతులతో నేనే కీడు తెచ్చానేమో అత్తా."

ముప్పై ఏళ్లు వందలమంది తల్లులతో మాట్లాడాను. ఆ మాటలన్నీ ఈ పిల్ల నా దగ్గరే నేర్చుకుంది. వాటితో పని జరగదు.

"నీకో సంగతి చెప్పనా?" అన్నాను. "నీ కన్ను తీయాల్సిన రోజు బరిగ్యే డాక్టరు ఆసుపత్రికి రాలేదు."

ఆమె తలెత్తింది.

"జనరేటర్ పాడైందని కబురు పంపాడు. రెండో రోజూ అదే మాట. మీ అమ్మ వరండాలో నిన్నెత్తుకుని కూర్చునే ఉంది. జనరేటర్‌కేమో జ్వరం రాలేదు, బాగానే ఉంది. నేను వెళ్లి చూశాను కదా."

"మరి?"

"మూడో రోజు ఆయన ఇంటికి పోయాను. దొడ్లో కూర్చుని ఆవు ఒంటి మీది గోమార్లు ఏరుతున్నాడు. ఎందుకు రాలేదని నిలదీశా. ముందు ఐదుగురు పోయారు సిస్టర్, ఈ పిల్ల నన్ను చూసి నవ్వింది, నా చేయి లేవడం లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల నిన్ను చూసి నవ్వింది కాబట్టే లేవయ్యా అన్నాను. చేతులు కడుక్కుని నా వెనకే వచ్చాడు."

కెబిరుంగికి ఒక్కసారిగా నవ్వొచ్చింది, కళ్లనీళ్లతో కలిసి.

"అందరి ఇళ్లకీ నువ్వే పోవాలా అత్తా?"

"నా రాత అలా ఉంది. నా కాళ్లు చూడు, ఎలా వాచాయో. లే, సంచి సర్దుకో."

తయేబ్వా పాలబండి ముందు సీట్లో ముగ్గురం కూర్చుని వచ్చాం. దారిలో నేను బరిగ్యే డాక్టరుకు ఫోను చేశాను. మేము చేరేసరికి ఆయన ఆసుపత్రి మెట్ల మీద గమ్‌బూట్లతోనే ఉన్నాడు, ఆవుల మందలోంచి నేరుగా వచ్చినట్టు. వయసు డెబ్బై ఆరు. చేతులు వణుకుతున్నాయి.

"మీరు చూడండి సార్," అంది కెబిరుంగి.

"నా కళ్లకే శుక్లాలు తల్లీ, నేనేం చూస్తాను! చూసేది ఈ డాక్టరమ్మ. నేను తల పట్టుకుంటా. పిల్లల తల పట్టుకోవడం నాకంటే బాగా ఎవరికొచ్చు?"

చుక్కల మందు వేసి కంటిపాప విచ్చుకునే వరకు ఆగి, పిల్లను గుడ్డలో బిగించి చుట్టాం. ముసలాయన రెండు అరచేతుల మధ్య ఆ బుల్లి తల పెట్టుకున్నాడు. విచిత్రంగా చేతుల వణుకు తగ్గింది. నన్కుండా తలకు దీపం కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని వంగింది. పిల్ల కొండ దద్దరిల్లేలా ఏడ్చింది. తయేబ్వా గుమ్మం దగ్గర గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

ఎడమ కన్ను చూసి, "శుభ్రంగా ఉంది," అంది నన్కుండా.

కుడి కంటి దగ్గర చాలాసేపు ఆగింది. అద్దం కాస్త జరిపింది. మళ్లీ జరిపింది.

"ఒకటి ఉంది," అంది. "అంచున. ఆవగింజలో సగం. చూపుండే చోటికి దూరంగా."

కెబిరుంగి వెళ్లి ఆ అద్దంలోంచి తనూ చూస్తానంది. అలవాటు లేనివాళ్లకు అది కనబడదు. ఆమెకు కనబడింది. తన ఒక్క కంటితో ఆ తెల్లచుక్కను చూసి, "ఇంతేనా?" అంది మెల్లగా. "ఇంత చిన్నగా ఉన్నప్పుడు నేనెప్పుడూ చూడలేదు."

"నేనూ ఎక్కువ చూడలేదు తల్లీ," అన్నాడు బరిగ్యే డాక్టరు. "ఇంత తొందరగా నా దగ్గరికి ఎవరూ తేలేదు."

"వారంలోపు తెస్తానని పదహారు రోజులకు తెచ్చాను సార్."

"జనరేటర్ పాడైందని చెప్పాల్సింది," అన్నాను నేను. ముసలాయన సిగ్గుపడిపోయాడు. "చెప్పేశావా సిస్టర్? ముప్పై ఏళ్లు దాచావు కదా!" అని తల పిల్ల వైపు తిప్పుకున్నాడు.

రెండు రోజుల తర్వాత మత్తిచ్చి లేజరు వేశారు. నాలుగు వారాలకు ఇంకోసారి, తర్వాత మరోసారి. రెండో నెలలో ఎడమ కంట్లో కొత్త చుక్క కనబడింది. ఆ రోజు కెబిరుంగి కార్ఖానా తలుపు వేసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. దానికీ లేజరు వేశారు. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. పిల్లకు కెంగంజి అని పేరు పెట్టారు. ఇప్పుడు నాలుగేళ్లు. రెండు కళ్లూ తనవే. తెల్లకోటు కనబడితే చాలు, మంచం కింద దూరుతుంది. నన్కుండా అంతటి మనిషి ప్రతిసారీ నేల మీద బోర్లా పడుకుని ఆ పిల్లను బతిమాలాలి.

కెబిరుంగిలో ఒక మార్పు వచ్చింది. పోయిన నెల ఇసింగిరో వైపు నుంచి ఒకామె కొడుకును ఏడు నెలలు ఆలస్యంగా తెచ్చింది. కన్ను ఉబ్బి ఉంది. మునుపటి కెబిరుంగి అయితే తుఫాను రేగేది. ఈసారి ఆమెను తన కార్ఖానాలో బల్ల మీద కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, "ఏం చూసి భయపడ్డావక్కా?" అని అడిగింది. ఆమె చెప్పుకుంటూ పోయింది. ఇద్దరూ ఏడ్చారు, ఏదో తలచుకుని నవ్వారు కూడా. బయట వరసలో పదకొండుమంది.

"సిస్టర్, ఒక్కొక్కరికి గంట పడితే నా ఆపరేషన్లు ఎప్పుడు చేయను?" అని నన్కుండా నాతో మొరపెట్టుకుంది.

"ఆ పిల్లాడి తల్లి ఆపరేషన్‌కి సంతకం పెట్టిందా డాక్టర్?"

"పెట్టింది. రేపు పొద్దున్నే చేద్దామని ఆవిడే అడిగింది."

"మరింకేం. మనమూ టీ తాగుదాం పదండి," అన్నాను.