ఈశాన్యపుగది పునాది

నిన్నమొన్నటిదాక మిరపకల్లములతో నెఱ్ఱబాఱియుండిన సత్తెనపల్లి పొలిమేరల నల్లరేగడి చేలు ప్రచండమార్తాండ కిరణతాడనమునకు దాళలేక పశువుల గిట్టలు దిగబడునంతటి నెఱ్ఱెలు విచ్చి పడియుండ, రోహిణికార్తె వడగాలి వీధివీధిని ధూళిచక్రములు త్రిప్పుచు మూయని తలుపునకెల్ల మొగము చూపి పోవుచుండ, నీడ సయితము గోడల మొదళ్లకు నక్కి కూర్చుండిన మధ్యాహ్నవేళ లక్ష్మీపతి యింటి ఈశాన్యపుగదిలో అతని యిల్లాలు హైమవతి ముక్కాలిపీట యెక్కి గోడబీటలో తన చిటికెనవ్రేలు దూర్చి చూచుచుండెను.

పోయిన వేసవిలో గోరు మాత్రమే దూఱిన యా బీటలో ఇప్పుడు వ్రేలు కణుపుదాక దిగెను. ఆ బీట దూలము క్రింద వెడల్పై యేటవాలుగా దిగి క్రిందికి వచ్చుకొలది సన్నగిల్లి గడపకడ వెండ్రుకవలె అంతరించుచుండెను. ఏటేట వినాయకచవితికి ముందు లక్ష్మీపతి దానిని సున్నముతో మెత్తించి వెల్లవేయించి మఱచుటయు ఏటేట ఎండలకు అది మరల నోరు విప్పుటయు ఆ యింట నొక యాచారమై పోయెను. కప్పిన గాయము మానినదో పెరిగినదో ఎవ్వరికిని తెలియదు గదా!

ఆ గది అచ్చమాంబది. ఆమె లక్ష్మీపతికి మేనత్త, ఆ వరుసను హైమవతికి పిన్ని. పిన్నవయసుననే భర్తను గోల్పోయి, తల్లి లేని మేనల్లునికి గోరుముద్దలు పెట్టి పెంచి, అతడు చదువులకు బోయిన పిదప బంధువుల పంచలలో కాలము పుచ్చుచుండిన యా సాధ్విని లక్ష్మీపతి తాలూకా కచేరిలో గుమాస్తాయై సొంతయిల్లు కట్టుకొనిన యేడే బండి పంపి పిలిపించుకొనెను. మడిచీర గట్టి పీటపై గూర్చుండి ఆమె చేయు పెసరట్టు కొఱకును ఆమె యాడు మాటల కొఱకును ఆ యిల్లు ప్రతిదినము కాచికొనియుండెడిది.

నాడు తాపీమేస్త్రి మస్తాను వచ్చి దారమునకు గుండు గట్టి గోడవెంట వ్రేలాడదీసి చూచి తల యాడించెను.

“అమ్మగారూ, ఇది పూతతో పోయే బీట కాదండీ. మూల దిగిపోతా ఉంది. వానలు పడితే దూలం జారుద్ది. గది పడగొట్టి మళ్లా కట్టుకోవాల్సిందే.”

మజ్జిగకై వచ్చి తలుపువార నిలిచిన యెదురింటి శేషమ్మ బుగ్గన వ్రేలుంచుకొనెను. “నేనేమీ అననుగానీ హైమవతీ, ఆవిడ గడపలో కాలు పెట్టిన ఏడే కదటే ఈ బీట మొదలయింది?”

వసారాలో చేటతో కందిపప్పు చెఱుగుచుండిన అచ్చమాంబ చేయి ఒక్కక్షణము నిలిచి మరల కదలెను. ఆ నిలిచిన క్షణమును హైమవతి చూచెను.

సాయంకాలము లక్ష్మీపతి కచేరినుండి వచ్చి కాళ్లు గడుగుకొనుచుండగా అచ్చమాంబ ట్రంకుపెట్టెలో చీరలు సర్దుచు పలికెను.

“ఒరే లక్ష్మీపతీ, పంచాంగం చూసి మంచిరోజు చెప్పరా. బాపట్ల పోయి మా మరిది కొడుకు దగ్గర ఉంటాను. రమ్మంటున్నాడు.”

“ఎప్పుడు రమ్మన్నాడత్తయ్యా? వాడు నీకు కార్డుముక్క రాసి ఏళ్లయింది.”

“రాయకపోతే రమ్మననట్టా? పెద్దదాన్ని, ఆమాత్రం నాకు తెలియదూ?” అని అచ్చమాంబ నవ్వెను.

ఆ నవ్వు వెనుక నేమి కలదో హైమవతికి బోధపడెను. బాపట్లయింట ఆ వృద్ధురాలికి దొరకునది వంటయింటి మూలయు ముక్తసరి పలుకరింపును మాత్రమే. పోవలదని బ్రతిమాలినచో ఆగునది కాదు, తన యడుగు వలన బిడ్డ యిల్లు కూలుననెడి శంక ఆమె యెదలో నాటికొనియున్నది. ఆ శంకను పెఱుకవలెనన్న గోడ దిగుటకు కారణము కనుగొనవలెను. మంచిరోజు రాకమునుపే కనుగొనవలెను.

మఱునాడు హైమవతి పాతపత్రికను సన్నని పట్టీలుగా గత్తిరించి గంజి పూసి బీటకు అడ్డముగ అక్కడక్కడ నంటించెను. ఇంట నున్న చిన్నచిన్న బీటలకును వదలక అంటించెను. కొలది దినములలోనే ఈశాన్యపుగది పట్టీలు నడిమికి చిరిగిపోయెను, తక్కినవి చెక్కుచెదరకుండెను. ఇల్లంతయు కదలుట లేదు, ఒక మూల మాత్రమే కదలుచున్నది. అంత నామె కొంగు బిగించి గునపము చేతబట్టి యింటిచుట్టు ప్రదక్షిణము చేయుచు గోడమొదట అడుగడుగున నేలను పొడిచి చూచెను. వీథివైపున గునపము ఱాతిపై బడినట్లు ఖణిల్లున మ్రోగి వెనుకకెగసెను. పడమట నెఱ్ఱెలో చిక్కుకొనెను. ఈశాన్యమునకు వచ్చి చేయి జాఱవిడిచినంతనే నానిన మినుములలో గరిటెవలె తనంత తాను దిగిపోయెను! ఊరెల్ల మాడిపోవు నా యెండలో అచట పచ్చని గరికయు దాని నీడన నొక కప్పయు సుఖముగ నుండెను.

గరికకు పైన స్నానపుతిన్నె. పెరటి నూతికడ స్నానమాడి తడిచీరతో నడవ దాటి వచ్చునప్పుడు ఎవరేని తాకి మడి చెడునేమోయని అచ్చమాంబ బెదరుట చూడలేక లక్ష్మీపతి ఆమె గదిగోడకానించి స్వహస్తములతో కట్టిపెట్టిన తిన్నె యది. ఉభయసంధ్యలను మధ్యాహ్నమునను ఆమె తలమీదుగ బోసికొను కాగులకొలది నీరు, ఈశాన్యమునకు బాఱుట శుభమను నమ్మకమున వేఱొక కాలువ లేక గోడమొదటనే యింకుచు ఇన్నియేండ్లుగ పునాది క్రింది రేగడిని బురదచేయుచుండెను. ప్రేమతో కట్టిన తిన్నెయే యిల్లు దించుచున్నదని హైమవతి యెఱిగెను. కారణము దొరికినది గాని ఆ కారణము నోట చెప్పుటెట్లు? కాలు కాదు నీరు అన్నచో ఆ నీరు మాత్రము ఎవరిది?

లక్ష్మీపతి విని నుదురు కొట్టుకొనెను. “తిన్నె కట్టింది నేనే కదే! అత్తయ్యతో మాత్రం చెప్పకు. మస్తాను పునాది లోతుగా తియ్యలేదందాం. వాడేమీ అనుకోడు.”

“వాడనుకోకపోయినా నేననుకుంటాను. అయినా మీ మొహం చూస్తే చాలు, ఆవిడ చెప్పేస్తుంది, మీరు అబద్ధమాడుతున్నారని.”

“పోనీ వానలందాం.”

“ఏదన్నా రేపు పొద్దున మళ్లీ అక్కడే నీళ్లు పోసుకుంటుందిగా! నీళ్లు ఆగకపోతే గోడ ఆగదండీ.”

లక్ష్మీపతి లేచి పోయి తిన్నెచుట్టు ఒకమాఱు తిరిగి వచ్చెను.

మఱుసటి యుదయమున అచ్చమాంబ మడిగట్టి తులసికి నీరువోసి వచ్చుచుండ హైమవతి యెదురేగి గునపమును నేలపై నుంచి దూరముగ దొలగెను, మడిలో నున్నవారికి చేతికీయరాదు గనుక.

“పిన్నిగారూ, ఇది తీసుకుని వీథివైపు ఒకసారి పొడవండి.”

“ఏమిటే ఈ వేషం? ఈ వయసులో నాచేత చెరువు తవ్విస్తావా?” అనుచునే ఆమె పొడిచెను. గునపము మ్రోగెను. పిదప తిన్నెకడకు బోయి పొడిచెను. గునపము మాయమగునట్లు దిగిపోయెను. అచ్చమాంబ గరికను జూచెను, తిన్నెను జూచెను, గోడను జూచెను.

“అయితే నా కాలు కాదన్నమాట.”

“కాలు కాదు పిన్నిగారూ. నీళ్లు.”

“నీళ్లంటే నావేగా?”

హైమవతి పలికెను. “మీవే.”

అచ్చమాంబ నవ్వెను. గోడపైని పిచ్చుకలు చెదరి లేచునట్లు, కన్నుల నీరు గ్రమ్మునట్లు, ఇన్నేండ్ల భారమేదో గొంతుదాటి వచ్చునట్లు నవ్వెను.

“ఓసి పిచ్చిదానా! ఈమాట చెప్పడానికా ఇంత భయపడ్డావు? నా కాలయితే తీసి ఎక్కడ పెట్టుకోనే? నీళ్లయితే కాలవ తవ్వితే పోతాయి!” అని లోపలికి దిరిగి గొంతెత్తెను. “ఒరే లక్ష్మీపతీ! కాలవ లేకుండా తిన్నె కట్టిన మొనగాడా! నీకు కచేరీలో ఉద్యోగం ఎవడిచ్చాడురా?”

తలుపుచాటున నిలిచి వినుచుండిన లక్ష్మీపతి తల వంచుకొని నవ్వుచు వెలికి వచ్చెను. మంచిరోజు మాట మరల నా యింట నెవ్వరును తలపెట్టలేదు.

మస్తాను తిన్నెను విప్పించి గోడకు దూరముగ రాళ్లపై కట్టి పెరటి అరటిపాదులదాక వాలుగ గచ్చుకాలువ వేసెను. అడుగునేల తడియాఱిన పిదప, గది పడగొట్టనక్కఱలేదని తానే చెప్పి, దూలముక్రింద తాటిబాదులను ఊతకఱ్ఱలుగ నిలిపి గోడక్రింద నేలను ఒక్కమాఱుగ గాక ముక్కముక్కగ ద్రవ్వి బురద తోడివేసి యిసుకయు కంకరయు సున్నమును గట్టిగ కూరి రాతికట్టు కట్టెను. ఒక ముక్క గట్టిపడినగాని ప్రక్కముక్క ముట్టనీయక హైమవతి కాచికొనియుండెను. అచ్చమాంబ వసారానుండి పర్యవేక్షించుచుండెను.

“ముసలమ్మగారూ, కాస్త దూరంగా నిలబడండి. మట్టి మీదపడితే మళ్లా తానం చెయ్యాల.”

“చేస్తే నీకేం నష్టంరా? నీ కాలవ వాలు ఏపాటిదో అప్పుడే తెలుస్తుంది!”

ఆషాఢ శ్రావణముల వానలు కురిసెను. నేల నానెను, ఉబ్బెను, గోడ కదలలేదు. చవితి దగ్గఱపడగా లక్ష్మీపతి అలవాటుచొప్పున సున్నము తెప్పింపబోయెను. మఱియొక వేసవి చూచినగాని బీట మూయరాదని హైమవతి పట్టుపట్టెను.

“పండక్కి నలుగురూ వస్తారు, బోసిగోడ చూసి ఏమనుకుంటారే?” అని అతడు నసిగెను.

“వాళ్లు గోడ చూడ్డానికొస్తారా, ఉండ్రాళ్లు తినడానికొస్తారా? నోరు మూసుకుని పత్రి తేరా,” అని అచ్చమాంబ తీర్పుచెప్పెను.

పండుగనాడు వచ్చిన ముత్తైదువలనెల్ల ఆమె తన గడపకడకు బిలిచి ఆ బీటను వ్రేలితో జూపుచు “ఇది నా నీళ్ల నిర్వాకం, మా వాడి తెలివి, మా అమ్మాయి కనిపెట్టింది” అని పెండ్లిముచ్చట చెప్పునట్లు చెప్పుచుండెను. శేషమ్మకు ఇంకొకమాఱు చెప్పెను. కీడు మనుష్యుని యడుగున గలదని నమ్మిన యింట ఎంత దృఢమైన గోడయు ఒకరిని వెలికి నెట్టుచునే యుండును. నిజము చెప్పుటకు వెఱవక, విని నవ్వుటకు సిగ్గుపడక, మన్ను ద్రవ్వి చూచుకొనిన వారి యింట బీట సయితము దాచవలసిన మచ్చ గాక పదుగురిలో జెప్పుకొను కుటుంబకథ యగును.